వార్సా నగర ప్రణాళిక, యూరప్ ప్రాంతీయ అభివృద్ధి నిధులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పోలండ్ రాజధాని వార్సాకు చదువుకోసం వచ్చే తెలుగు పిల్లల్లో ప్లానింగ్, జాగ్రఫీ, సివిల్ ఇంజనీరింగ్ వాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలివి. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే అందరికీ పనికొస్తుందని కూర్చున్నాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి. అసలు చిక్కంతా అక్కడే ఉంది మరి.

అసలు విషయం ఏమిటి?

ఏ పెద్ద నగరానికైనా తన నేలను ఎలా వాడుకోవాలన్న సొంత లెక్క ఒకటి ఉంటుంది. ఇళ్లు ఎక్కడ కట్టాలి, మెట్రో ఎటు వెళ్లాలి, ఏ పొలాన్ని ముట్టుకోకూడదు, ఇలాంటివి. యూరోపియన్ యూనియన్‌కు, అంటే ఈయూకు, ఇంకో లెక్క ఉంది. వెనకబడిన ప్రాంతాలను ముందున్న ప్రాంతాల దగ్గరికి తేవాలన్నది దాని పట్టుదల, అందుకు డబ్బు కూడా పెడుతుంది. ఈ రెండు లెక్కలూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ తేడా వస్తుంది అన్నదే ఇక్కడి విషయం.

యూరప్‌లో ఇన్ని నగరాలుండగా వార్సాయే ఎందుకు?

నేను ఉండేది ఇక్కడే కాబట్టి. అంతకన్నా గట్టి కారణం కూడా ఉంది. పోలండ్ 2004 మే 1న ఈయూలో చేరింది. ఆ తర్వాత ఈయూ ప్రాంతీయ నిధుల్లో అన్ని దేశాలకన్నా ఎక్కువ వాటా అందుకున్న దేశం ఇదే. ఇరవై ఏళ్లలో వార్సా ఎంత మారిందో ఇక్కడి పెద్దవాళ్లను అడిగితే వేళ్లు మడిచి చెబుతారు. సుమారు 18 లక్షల 60 వేల జనాభా, 517 చదరపు కిలోమీటర్లు, 18 డివిజన్లు, మధ్యలో విస్తులా నది. ఆ నదికి ఎడమ ఒడ్డున ఒక వార్సా, కుడి ఒడ్డున ఇంకో వార్సా. నగరం ధనికమైనా దానిలోనే పేదరికం ఎలా దాక్కుంటుందో ఇంత స్పష్టంగా చూపే ఊరు నాకు ఇంకొకటి కనబడలేదు.

వార్సా మాస్టర్ ప్లాన్‌ను బ్రస్సెల్స్, అంటే ఈయూ, మార్చగలదా?

మార్చలేదు. భూమి వాడకం మీద నిర్ణయాలు ఆయా దేశాలవి, దేశాల్లో ఎక్కువగా మున్సిపాలిటీలవి. పోలండ్‌లో అయితే ఆ అధికారం మున్సిపాలిటీ చేతిలో చాలా గట్టిగా ఉంది. 1999లో పోట్స్‌డామ్‌లో సభ్యదేశాల మంత్రులు యూరప్ మొత్తానికి ఒక స్పేషియల్, అంటే నేల వాడకానికి సంబంధించిన, దృక్పథ పత్రాన్ని ఆమోదించారు. 2007లో నగరాల మీద లైప్‌జిగ్ చార్టర్, 2020లో దాని కొత్త రూపం, అదే ఏడాది ప్రాంతాల మీద 2030 వరకు వర్తించే టెరిటోరియల్ అజెండా వచ్చాయి. వీటిలో ఏదీ చట్టం కాదు. ఎవరూ పాటించకపోయినా కోర్టుకు లాగలేరు.

మరి బ్రస్సెల్స్ మాట ఎందుకు చెల్లుతుంది? డబ్బు వల్ల. నిధి కావాలంటే పద్ధతి ఇదీ అని చెబుతుంది, నగరం ఒప్పుకుంటుంది. ఈయూ ఒప్పందంలో ఆర్థిక, సామాజిక సమైక్యతతో పాటు ‘ప్రాదేశిక సమైక్యత’ అన్న మాట కూడా 2009లో లిస్బన్ ఒప్పందంతో చేరింది. మనిషి ఏ ఊళ్లో పుట్టాడన్నదాన్ని బట్టి అతని అవకాశాలు తగ్గిపోకూడదన్నది దాని భావం.

ఆ డబ్బు ఏ నిధిది?

ముఖ్యమైనవి రెండు. మొదటిది యూరోపియన్ రీజినల్ డెవలప్‌మెంట్ ఫండ్, క్లుప్తంగా ఈఆర్‌డీఎఫ్. ఇది 1975లో మొదలైంది. ఏ ప్రాంతం ఎంత వెనకబడిందో చూసి ఇస్తారు. రెండోది కొహీషన్ ఫండ్. ఇది ప్రాంతాన్ని కాదు, దేశాన్ని చూస్తుంది. తలసరి జాతీయాదాయం ఈయూ సగటులో 90 శాతం కన్నా తక్కువున్న దేశాలకే వస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కింద మెట్రో దగ్గర ఇదే పనికొస్తుంది.

జాక్ డెలోర్ ఈయూ పాలన నడిపే యూరోపియన్ కమిషన్‌కు అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 1988లో, ఈ నిధుల తీరు మారిపోయింది. అప్పటిదాకా ప్రాజెక్టు ప్రాజెక్టుకీ విడిగా ఇచ్చేవారు. తర్వాత చాలా ఏళ్లకు కలిపి ముందే కార్యక్రమం రాయడం, అవసరం ఎక్కువున్న చోటే ఖర్చు పెట్టడం, స్థానిక సంస్థలను కూర్చోబెట్టి మాట్లాడటం, దేశం తాను పెట్టాల్సిన డబ్బు తగ్గించుకోకుండా దాని మీద అదనంగా వాడటం నియమాలయ్యాయి. ఇప్పుడు ఏడేళ్లకోసారి కార్యక్రమం. 2021–27కు ప్రాంతీయ సమైక్యత విధానం కింద పెట్టినది సుమారు 39,200 కోట్ల యూరోలు.

ఇప్పటి లక్ష్యాలు ఏమిటి?

ఐదు. కొత్త సాంకేతికతతో పోటీపడే యూరప్, కర్బనం తగ్గించుకునే పచ్చని యూరప్, రవాణాతో కలిసిన యూరప్, సామాజికంగా అందరినీ కలుపుకునే యూరప్, పౌరులకు దగ్గరైన యూరప్. మొదటి నాలుగూ రంగాల వారీవి. ఐదోది మాత్రం రంగం పేరు చెప్పదు, స్థలం పేరు చెబుతుంది. ఒక నగరం లేదా కొన్ని ఊళ్లు కలిసి తమ వ్యూహం తామే రాసుకుంటే దానికి డబ్బు. ప్లానింగ్ చదివేవాళ్లు ఈ ఐదోదాని మీద కన్నేసి ఉంచాలి.

అయితే ధనిక ప్రాంతాలకు ఒక ముడి ఉంది. ఈఆర్‌డీఎఫ్ డబ్బులో కనీసం 85 శాతం మొదటి రెండు లక్ష్యాలకే పోవాలి, అందులోనూ 30 శాతం పచ్చని లక్ష్యానికి. వార్సాలాంటి చోట రోడ్డు విస్తరణ అని దరఖాస్తు పెడితే చోటు దొరకడం కష్టం. ట్రామ్, సైకిల్ దారి, ఇంటి వేడి వృథా కాకుండా గోడలకు పొర వేయడం లాంటివైతే దొరుకుతుంది.

నగరాలకు విడిగా వాటా ఉందా?

ఉంది. 2014–20లో ప్రతి దేశమూ తన ఈఆర్‌డీఎఫ్‌లో కనీసం 5 శాతం సుస్థిర నగరాభివృద్ధికి పెట్టాలన్నారు. 2021–27లో దాన్ని 8 శాతం చేశారు. అంకె చిన్నదే. కానీ దానితో వచ్చిన షరతు పెద్దది: నగరం దగ్గర సమగ్ర వ్యూహం ఉండాలి, ప్రాజెక్టులు ఎంచేటప్పుడు నగరానికి మాట చెల్లాలి. అంతకుముందు చాలా చోట్ల రాజధానిలోని శాఖలో జాబితా తయారయ్యేది, మేయర్‌కు ఆఖర్న తెలిసేది.

వార్సా ధనిక నగరం కదా, దానికెందుకు ఇవ్వాలి?

తరచుగా వచ్చే ప్రశ్న ఇది. కోపంగా అడిగేవాళ్లూ ఉన్నారు. అంకె చూస్తే వాళ్లదే న్యాయం అనిపిస్తుంది. తలసరి ఉత్పత్తిలో వార్సా ఈయూ సగటును ఎప్పుడో దాటేసింది.

కానీ ఆ అంకె ఎలా వస్తుందో చూడండి. ఉత్పత్తిని మనిషి పనిచేసే చోట లెక్కిస్తారు, జనాభాను మనిషి నివసించే చోట లెక్కిస్తారు. పొద్దున్నే చుట్టుపక్కల పట్టణాల నుంచి రైళ్లలో వచ్చే లక్షలమంది చేసిన పని వార్సా ఖాతాలో పడుతుంది. వాళ్లు తినేది, పడుకునేది, పిల్లల్ని బడికి పంపేది వేరే మున్సిపాలిటీలో. అందువల్ల నగరం ఉన్నదానికన్నా ఎత్తుగా, శివారు ఉన్నదానికన్నా పొట్టిగా కనిపిస్తాయి. పైగా సగటు అనేది నది రెండు ఒడ్లనూ కలిపేస్తుంది. కుడి ఒడ్డున ప్రాగాలో కొన్నేళ్ల కిందటి దాకా బొగ్గు పొయ్యితో వేడి చేసుకున్న ఇళ్లున్నాయి. ఆ మాట సగటులో కనబడదు.

కాబట్టి నా సమాధానం ఇది: వార్సాకు ఇవ్వాలా అని కాదు, వార్సాలో ఎక్కడ ఇవ్వాలి అని అడగాలి.

ప్రాంతాన్ని రెండుగా విడదీశారట, నిజమేనా?

నిజమే, కానీ లెక్కల్లో మాత్రమే. వార్సా ఉన్న ప్రాంతం పేరు మజోవియా. సుమారు 35,500 చదరపు కిలోమీటర్లు, బెల్జియం కన్నా పెద్దది. దానికి ఎన్నికైన సభ, దానికో అధినేత ఉంటారు. ఈయూ ప్రాంతీయ కార్యక్రమం డబ్బు ఆ ప్రాంత ప్రభుత్వం చేతుల మీదుగానే నడుస్తుంది.

2007–13లో మజోవియా ఇంకా వెనకబడిన ప్రాంతాల జాబితాలోనే ఉంది. వార్సా పుణ్యమా అని సగటు పెరిగి, 2014–20కి వచ్చేసరికి పోలండ్‌లోని 16 ప్రాంతాల్లో ఇదొక్కటే ‘బాగా అభివృద్ధి చెందిన’ వర్గంలోకి వెళ్లింది. వార్సాలో ఎత్తైన గాజు భవనాలు లేచినందుకు, దక్షిణాన రాదోమ్ దగ్గరి పల్లెలు కూడా ధనికమైపోయినట్టు లెక్క. అదే మజోవియాలో షిద్వోవియెత్స్ అనే జిల్లా ఉంది. చాలా ఏళ్లు దేశం మొత్తంలో రిజిస్టర్డ్ నిరుద్యోగం అన్నిటికన్నా ఎక్కువున్న జిల్లా అది. అక్కడి మనిషికి ‘మీది ధనిక ప్రాంతం’ అని చెప్పాల్సి వచ్చింది.

అందుకే ప్రాంత ప్రభుత్వమే పట్టుబట్టి గణాంకాల సరిహద్దు మార్పించింది. 2018 జనవరి 1 నుంచి ఈయూ లెక్కల్లో మజోవియా రెండు. వార్సా, దాని చుట్టూ ఉన్న తొమ్మిది జిల్లాలు కలిపి ‘వార్సా రాజధాని ప్రాంతం’. మిగిలినదంతా ‘మజోవియా ప్రాంతీయం’. పాలన ఒక్కటే, సభ ఒక్కటే, కార్యక్రమం కూడా ఒక్కటే. నిధుల ఖాతాలు మాత్రం రెండు. తర్వాత 2020లో పాలనాపరంగా కూడా విడదీయాలని దేశ ప్రభుత్వం వైపు నుంచి మాట వచ్చింది. ప్రాంతం ఒప్పుకోలేదు, అది జరగలేదు.

నా ఉద్దేశంలో లెక్క మార్చడం సరైన పని. మనుషుల జీవితాలు కలిసి ఉన్నచోట పాలన విడగొట్టడం తప్పు. రెండూ ఒకటి కావు.

ఆ గీతకు అటూ ఇటూ తేడా ఎంత?

2021–27లో మజోవియా ప్రాంతీయంలోని మున్సిపాలిటీ ఒక ప్రాజెక్టు చేస్తే ఖర్చులో 85 శాతం దాకా ఈయూ భరించగలదు. రాజధాని ప్రాంతంలో అదే ప్రాజెక్టుకు 50 శాతం దాకా. మిగతాది సొంత బడ్జెట్లోంచో, అప్పుచేసో తేవాలి.

వార్సా కార్పొరేషన్‌కు 50 శాతం తేవడం కష్టమే గానీ అసాధ్యం కాదు. టెన్షన్ అంతా ఆ తొమ్మిది జిల్లాల్లోని చిన్న మున్సిపాలిటీలకు. వాటికి వార్సా ఆదాయం లేదు, కానీ వార్సా సగటు మాత్రం అంటుకుంది. గీతను ఎక్కడ గీసినా దాని లోపలి అంచున ఉన్నవాళ్లకు ఈ దెబ్బ తప్పదు.

40 మున్సిపాలిటీల కూటమి అంటారే, అదేమిటి?

ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన భాగం అది. 2014–20లో ఈయూ ఒక కొత్త పరికరం ఇచ్చింది, పేరు సమగ్ర ప్రాదేశిక పెట్టుబడులు. నగరం ఒంటరిగా రాకూడదు, రోజువారీ ప్రయాణాలతో దానితో ముడిపడిన ఊళ్లన్నిటినీ వెంటబెట్టుకుని రావాలి, అందరూ కలిసి ఒక వ్యూహం రాయాలి. వార్సా, చుట్టూ ఉన్న 39 మున్సిపాలిటీలు, మొత్తం 40 కలిసి 2014లో ఒప్పందం చేసుకున్నాయి. అందరి జనాభా కలిపితే సుమారు 27 లక్షలు.

దీనికోసం కొత్త సంస్థ పెట్టలేదు. వార్సా కార్పొరేషనే మిగతావాళ్ల తరఫున పని నడిపింది. ఖర్చు పెట్టినవి ఏమిటంటే ఊరి హద్దు దగ్గర ఆగిపోకుండా పక్క ఊళ్లోకి సాగే సైకిల్ దారులు, రైల్వే స్టేషన్ల పక్కన పార్క్ అండ్ రైడ్ స్థలాలు, మున్సిపాలిటీల ఆన్‌లైన్ సేవలు, బడిపిల్లల నైపుణ్యాలు. చూడటానికి చిన్నవే. పార్క్ అండ్ రైడ్ అంటే ఏముంది, కారు పెట్టుకునే చోటు. కానీ దాన్ని నగరం నడిబొడ్డున కాకుండా ముప్పై కిలోమీటర్ల అవతల, మనిషి రైలెక్కే చోట కట్టాలంటే, వార్సా తన లాభం కోసం వేరే మున్సిపాలిటీలో డబ్బు పెట్టడానికి ఒప్పుకోవాలి. మామూలు బడ్జెట్లో అది జరిగే పని కాదు. కార్పొరేటర్ తన వార్డు దాటి ఎందుకు ఖర్చు పెడతాడు? ఈయూ డబ్బు ఆ కౌన్సిళ్లన్నిటినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

దీనికి తోడు టికెట్ ఒకటే. నగర రవాణా టికెట్‌తోనే నిర్ణీత హద్దు దాకా ప్రాంతీయ రైలు కూడా ఎక్కొచ్చు. ప్లాన్ మీద గీసిన కూటమి జనం జేబులోకి వచ్చేది ఇలాంటి వాటివల్లే.

అందరినీ చట్టం చేసి కలిపేస్తే సరిపోదా?

ప్రయత్నం జరిగింది. 2017 జనవరిలో అప్పటి అధికార పార్టీ ఎంపీలు వార్సాతో పాటు చుట్టూ ఉన్న మున్సిపాలిటీలు, మొత్తం 33 కలిపి ఒక మహానగర పాలనగా చేయాలని బిల్లు పెట్టారు. ఎవరినీ అడగలేదు. ఉత్తరాన లెగియోనోవో అనే పట్టణం మార్చి 26న రెఫరెండం పెట్టింది. ఓటేసినవాళ్లలో దాదాపు 94 శాతం వద్దన్నారు. బిల్లు వెనక్కి పోయింది. అదే లెగియోనోవో 40 మున్సిపాలిటీల కూటమిలో ఇష్టంగా ఉంది. తన కౌన్సిల్ తనకే ఉండి, కలిసి పనిచేయమంటే ఏ ఊరూ కాదనదు.

మెట్రో రెండో లైన్‌కు ఈయూ డబ్బు ఎలా వచ్చింది?

వార్సా మొదటి మెట్రో లైన్ 1995 ఏప్రిల్ 7న మొదలై 2008లో పూర్తయింది. అది ఉత్తర దక్షిణాలుగా, ఎడమ ఒడ్డునే నడుస్తుంది. కుడి ఒడ్డున ఉన్నవాళ్లకు మెట్రో అంటే నది దాటాక ఎక్కేది. రెండో లైన్ ఆ లోటు తీర్చాలన్నది నగరం లెక్క. నది కిందుగా తవ్వి ప్రాగాను చేరాలి.

ఇక్కడ నగరం లెక్క, ఈయూ లెక్క చక్కగా కలిశాయి. ఈయూకు కావలసింది కార్లను తగ్గించే, కాలుష్యం తగ్గించే రవాణా. డబ్బు ప్రాంతీయ కార్యక్రమం నుంచి కాక దేశస్థాయి మౌలిక వసతుల కార్యక్రమం ద్వారా కొహీషన్ ఫండ్ నుంచి వచ్చింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. కొహీషన్ ఫండ్ దేశాన్ని చూస్తుంది కాబట్టి వార్సా ధనికమా పేదదా అన్న ప్రశ్న అడ్డం రాలేదు.

పని సాఫీగా ఏమీ సాగలేదు. 2012 ఆగస్టులో నది పక్క స్టేషన్ తవ్వకంలోకి నీరు, బురద ముంచుకొచ్చి, దగ్గర్లోని నదీతీర రోడ్డు సొరంగాన్ని మూసేయాల్సి వచ్చింది. చివరికి 2015 మార్చి 8న ఏడు స్టేషన్లతో మధ్యభాగం తెరుచుకుంది. తర్వాత విడతలు విడతలుగా 2019లో తార్గువెక్ వైపు, 2020లో వోలా వైపు, 2022లో పడమట బెమోవోకు, తూర్పున బ్రుద్నోకు చేరింది. బెమోవో నుంచి బ్రుద్నో దాకా 18 స్టేషన్లు.

విడతల వారీగా ఎందుకంటే, ఏడేళ్ల కార్యక్రమంలో ఎంత తవ్వగలరో అంతే అడగాలి. మిగిలింది తర్వాతి ఏడేళ్లలో. మెట్రో మ్యాపును, ఈయూ కార్యక్రమాల తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి, ఏ స్టేషన్ ఎప్పుడెందుకు వచ్చిందో చాలావరకు అర్థమవుతుంది.

ప్రాగాలో ఏం జరిగింది?

రెండో ప్రపంచ యుద్ధంలో ఎడమ ఒడ్డున వార్సా దాదాపుగా నేలమట్టమైంది. కుడి ఒడ్డున ప్రాగాలో పాత భవనాలు చాలావరకు నిలబడ్డాయి. నిలబడటం వరమే. కానీ తర్వాత దశాబ్దాల పాటు డబ్బంతా కూలినదాన్ని కట్టడానికే పోయింది, కూలనిదాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

నేను మొదటిసారి వెళ్లిన చలికాలం ఇంకా కళ్లముందే ఉంది. నాలుగంతస్తుల ఇటుక భవనం, మధ్యలో బావిలాంటి ఇరుకు పెరడు, ఆ పెరట్లో మేరీమాత చిన్న గుడి, దాని ముందు ప్లాస్టిక్ పూలు. యుద్ధకాలంలో బయటికి వెళ్లలేక ఇళ్లవాళ్లు పెరట్లోనే ప్రార్థనలు చేసుకునేవారట. ఒక ముసలావిడ నేలమాళిగ నుంచి బొగ్గు బకెట్ మోసుకుంటూ మెట్లెక్కుతోంది. ప్రతి అంతస్తులో ఆగింది. నేను తీసుకుంటానంటే వద్దంది, బకెట్ చేతులు మారితే మసి ఒలుకుతుందని. మూడో అంతస్తు మెట్ల పక్కన అందరికీ కలిపి ఒకే మరుగుదొడ్డి. అక్కడి నుంచి నదికి పది నిమిషాల నడక, నదికి అవతల యూరప్‌లోనే ఎత్తైన భవనాల్లో కొన్ని.

2015లో పోలండ్ పునరుజ్జీవన చట్టం తెచ్చింది. పాడుబడిన నగర భాగాలను భవనాల పరంగానే కాక మనుషుల పరంగా కూడా బాగుచేయాలన్నది దాని పద్ధతి. ఈయూ సమగ్రాభివృద్ధి లక్ష్యానికి ఇది అచ్చంగా సరిపోతుంది. వార్సా తన పునరుజ్జీవన కార్యక్రమానికి కుడి ఒడ్డునే, అంటే ఉత్తర ప్రాగా, దక్షిణ ప్రాగా, తార్గువెక్‌లలోని భాగాలనే ఎంచుకుంది. మున్సిపల్ ఇళ్లను నగర వేడినీటి గొట్టాలకు కలపడం, పాత ముఖద్వారాలు బాగుచేయడం, పెరళ్లు, బడులు, పిల్లల కేంద్రాలు. 2023 అక్టోబర్ 1 నుంచి వార్సాలో ఇళ్లలో బొగ్గు కాల్చడమే నిషేధం. నిషేధానికి ముందే గొట్టం వచ్చిన ఇంట్లో అది ఊరట. గొట్టం రాని ఇంట్లో అది జరిమానా భయం. వరుస తప్పకుండా చేయడమే ప్లానింగ్ అని నేననేది ఇలాంటివి చూసే.

అన్ని భవనాలూ ఎందుకు బాగుచేయలేదు?

టైటిల్ గొడవలు. 1945 అక్టోబర్ 26న వచ్చిన ఒక డిక్రీతో వార్సా నగర భూమి అంతా మున్సిపాలిటీ సొంతమైంది. 1989లో కమ్యూనిస్టు పాలన ముగిశాక పాత యజమానులు, వారసులు, వారసుల నుంచి హక్కులు కొనుక్కున్నవాళ్లు క్లెయిమ్‌లతో వచ్చారు. ఈయూ నిధితో చేసిన పని సాధారణంగా ఐదేళ్లైనా అలాగే నిలవాలన్న నియమం ఉంది. రేపు కోర్టు తీర్పుతో చేయి మారే భవనం మీద ఎవరు ఖర్చు రాయగలరు? అందుకే ఒకే వీధిలో ఒకటి కొత్త రంగుతో, పక్కది కిటికీలకు పలకలు కొట్టి కనిపిస్తాయి.

మెట్రో వచ్చాక అద్దెలు పెరగలేదా?

పెరిగాయి. ప్రాగాలో స్టేషన్ల చుట్టూ కొత్త అపార్ట్‌మెంట్లు, కేఫ్‌లు వచ్చాయి. పాత వోడ్కా ఫ్యాక్టరీ ఆవరణ ఇప్పుడు ఇళ్లూ మ్యూజియమూ ఉన్న సముదాయం. మున్సిపల్ ఇంట్లో ఉన్నవాళ్లకు కొంత రక్షణ ఉంది, ప్రైవేటు అద్దెలో ఉన్నవాళ్లకు లేదు. ఈయూ సూచికలు ఎన్ని కిలోమీటర్లు, ఎంతమంది ప్రయాణికులు అని లెక్కపెడతాయి, ఎవరు ఇల్లు ఖాళీ చేశారు అని అడగవు. నాకు దీనిమీద గట్టి అసంతృప్తి ఉంది. ఈ ఈయూ నిధుల 2025 మధ్యంతర సమీక్షలో అందుబాటు ధర ఇళ్లను కూడా ప్రాధాన్యాల్లో చేర్చారు. అది పదేళ్ల ముందే రావాల్సింది.

ఇక్కడి మాస్టర్ ప్లాన్ ఎలా ఉంటుంది?

మూడు పత్రాలు వేరువేరుగా చూడాలి. మొదటిది అభివృద్ధి వ్యూహం. 2018 మేలో నగర కౌన్సిల్ ‘వార్సా 2030’ ఆమోదించింది. నగరం ఏం కావాలనుకుంటోందో ఇది చెబుతుంది. రెండోది మొత్తం నగరానికి భూవినియోగ దిశ చూపే స్టూడియం. వార్సాది 2006 నాటిది, తర్వాత సవరిస్తూ వచ్చారు. మూడోది స్థానిక ప్లాన్లు. ఫలానా వీధిలో ఎంత ఎత్తు, ఎంత ఖాళీ అన్నది కట్టుబాటుగా చెప్పేవి ఇవే.

చిక్కేమిటంటే చాలా ఏళ్ల పాటు సగం నగరానికి కూడా స్థానిక ప్లాన్లు లేవు. లేని చోట బిల్డర్ విడిగా నిర్మాణ షరతుల ఉత్తర్వు తెచ్చుకుంటాడు. పక్క భవనాలను చూసి ఇస్తారు, స్టూడియం అక్కడ పార్కు అన్నా దాన్ని పాటించక్కర్లేదు. అంటే వ్యూహంలో రాసింది ఒకటి, నేల మీద లేచేది ఇంకొకటి. 2023లో చట్టం మార్చి స్టూడియం స్థానంలో జనరల్ ప్లాన్ తెచ్చారు. ఇకపై ఆ విడి ఉత్తర్వులు కూడా దానికి లోబడాలి. ప్లాన్ల తయారీకి మొదట 2025 చివరి దాకా గడువిచ్చి, తర్వాత 2026లోకి జరిపారు. ఈయూ కోవిడ్ అనంతర నిధిలో పోలండ్ ఒప్పుకున్న సంస్కరణల్లో ఇదీ ఒకటి. భూచట్టం మీద అధికారం లేని ఈయూ భూచట్టాన్ని ఎలా కదిపిందో చూశారా.

డబ్బు కోసం నగరాలు ప్లాన్‌నే మార్చేసుకుంటాయా?

మార్చుకుంటాయి, ఇదే అసలు ప్రమాదం. నోటిఫికేషన్ వస్తుంది, అందులో సైకిల్ దారి అని ఉంటుంది, వెంటనే ఎక్కడో ఒకచోట సైకిల్ దారి పుట్టుకొస్తుంది. నేను ఒకసారి ఒక చిన్న పట్టణానికి దరఖాస్తు రాయడంలో సాయం చేశాను. సమావేశంలో రెండు గంటలు కూర్చున్నాం. ఆ ఊళ్లో తాగునీటి గొట్టాలు పాతవైపోయాయని ముగ్గురు చెప్పారు. చివరికి రాసింది మాత్రం చౌరస్తా సుందరీకరణ గురించి, ఎందుకంటే ఆ నెల తెరిచి ఉన్న పోటీ అది. గ్రాంటు వచ్చింది. గ్రానైట్ పలకలు వేశారు. వేసవిలో అక్కడ కాలు పెట్టలేం.

దీనికి మందు ఒక్కటే నాకు తెలుసు. పోటీ ప్రకటన రాకముందే నగరం దగ్గర అవసరాల జాబితా వరుసక్రమంలో, ఖర్చు అంచనాలతో, టైటిల్ పత్రాలతో సిద్ధంగా ఉండాలి. అప్పుడు ప్రకటన చూసి జాబితాలోంచి తీస్తారు. జాబితా లేనివాళ్లు ప్రకటన చూసి అవసరాన్ని కల్పిస్తారు.

డబ్బు చేతికి ఎలా వస్తుంది?

ఎక్కువగా ముందు ఖర్చు పెట్టి, బిల్లులు చూపించి తిరిగి తీసుకోవాలి. కొంత అడ్వాన్సు ఉంటుంది. ఒక ఏడాది కేటాయింపును ఆ తర్వాత మూడేళ్లలోపు వాడకపోతే ఆ భాగం వెనక్కి పోతుంది. టెండరులో తప్పు దొరికితే ఆడిట్ వాళ్లు ఐదు, పది, ఇరవై ఐదు శాతాలు కోస్తారు. ఇన్నిటికి తట్టుకునే ఉద్యోగులు పెద్ద నగరానికి ఉంటారు. చిన్న మున్సిపాలిటీలో అకౌంటెంటే ప్లానరు, ఆయనే డ్రైవర్ సెలవు పెట్టినరోజు ఫైలు పట్టుకెళ్లేది కూడా. కూటమి వల్ల చిన్నవాళ్లకు దొరికిన మేలు పార్కింగ్ స్థలం కన్నా ఈ ఆఫీసు సాయమే ఎక్కువ.

2022లో యుక్రెయిన్ శరణార్థులు వచ్చినప్పుడు?

కొన్ని వారాల్లో లక్షలమంది వార్సా స్టేషన్లలో దిగారు. ఏ ప్లాన్‌లోనూ లేని విషయం అది. ఈయూ ఆ వసంతంలోనే నియమాలు సడలించి, మిగిలిన ప్రాంతీయ నిధులను ఆశ్రయానికి, తిండికి, బడికి మళ్లించుకోవచ్చంది.

2027 తర్వాత ఏమవుతుంది?

2025 జూలైలో యూరోపియన్ కమిషన్ 2028–34కు దాదాపు 2 లక్షల కోట్ల యూరోల బడ్జెట్ ప్రతిపాదించింది. అందులో ప్రాంతీయ నిధులు, వ్యవసాయ నిధులు కలిపి దేశానికొక ప్లాన్ చేయాలన్నది ఆలోచన. నగరాలు, ప్రాంతాలు ఆందోళన పడుతున్నది ఇక్కడే. డబ్బు మళ్లీ దేశ రాజధానిలోని ఆర్థిక శాఖ చేతిలోకి వెళితే, 40 మున్సిపాలిటీలు పదేళ్లు కూర్చుని నేర్చుకున్న కలిసి రాసే అలవాటు పోతుంది. రైతుకూ నగరానికీ ఒకే సంచిలోంచి పంచాలంటే దేశానికి దేశానికి పోటీ కాదు, ఇంట్లోనే పోటీ. నేను ఈ ప్రతిపాదనకు వ్యతిరేకం.

వార్సాలో ఇవన్నీ కళ్లారా చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ఒక శనివారం చాలు. మధ్య నగరం నుంచి 2024 మార్చిలో తెరిచిన కాలినడక, సైకిల్ వంతెన మీద విస్తులా దాటండి. 452 మీటర్లు. దిగితే ప్రాగాలో ఓక్షెయీ వీధి. పెరళ్లలోకి తొంగిచూడండి, మనుషుల్ని ఇబ్బంది పెట్టకుండా. అక్కడి నుంచి నడిస్తే రెండో మెట్రో లైన్‌లో విలెన్‌స్కి స్టేషన్, దాని పక్కనే విలెన్‌స్కా రైల్వే స్టేషన్.

అక్కడ తూర్పు వైపు పోయే ప్రాంతీయ రైలెక్కి కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. వొవోమిన్ వస్తుంది, తర్వాత త్వుష్చ్. ప్రతి స్టేషన్ పక్కన కార్లు, సైకిళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. త్వుష్చ్ దాటాక పొలాలు, పైన్ చెట్లు, ఆ తర్వాత వోహువ్. ఈ రెండు స్టేషన్ల మధ్యే ఎక్కడో గణాంకాల గీత ఉంది. ఇటువైపు 50, అటువైపు 85. బోర్డేమీ ఉండదు. రైలు ఆగదు కూడా. సాయంత్రం తిరుగు రైల్లో అయితే వార్సాలో పనిచేసి అటు వెళ్లే మనుషులు ఎదురు ప్లాట్‌ఫారం మీద దిగుతూ కనిపిస్తారు.